ఇరవై ఐదు గజాల నీళ్ళు

ఆ ఏడాది నాకు పోయినవి ఇవి. కుడికాలి బొటనవేలి గోరు, దాని పక్కవేలి గోరు. ఎడమకాలి మట్టె ఒకటి, అది నీళ్ళలో జారిపోయింది. ఈత గాగుల్స్ రెండు జతలు. జుట్టులో మిగిలిన కాస్త నలుపు, దాన్ని క్లోరిన్ తినేసింది. ఆదివారం పొద్దుటి నిద్ర మొత్తం. మూడు పెళ్ళిళ్ళు, ఒక గృహప్రవేశం. వెళ్ళలేదు కనుక అవీ పోయినట్టే. ఐదు కిలోల బరువు. అది పోయినందుకు ఎవరూ ఏడవరు గానీ, పోయినవాటిలో కలపకపోతే లెక్క తప్పవుతుంది.

ఇవన్నీ తెలిసి పోగొట్టుకున్నవి. ఒక్కటి మాత్రం నాకు తెలియకుండా, రోజూ పొద్దున్నే, నా చేతుల కింది నుంచే పోయింది. పోయింది నీళ్ళే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, నీళ్ళలో దూరం.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హోల్‌సేల్ చీరల దుకాణంలో లెక్కలు చూస్తాను. చదివింది పదో తరగతి. లెక్కలు నాకు బడిలో రాలేదు, ఇంట్లో వచ్చాయి. పోచంపల్లి దగ్గర మా ఇంట్లో అమ్మ ఆసు పోసేది. అర్ధచంద్రంలా పాతిన మేకుల మీదుగా దారాన్ని అటు తీసుకుపోయి ఇటు తీసుకురావడం. ఒక్క చీరకు కొన్ని వేలసార్లు చెయ్యి అలా తిరగాలి. నేను పక్కన కూర్చుని పోగులు లెక్కపెట్టేదాన్ని. లెక్కపెడుతూ పెడుతూ ఒక దశలో అంకె నా నోట్లోంచి కాక ఆ దారంలోంచే వస్తున్నట్టు ఉండేది. కళ్ళు తెరిచే ఉన్నా నిద్రలో ఉన్నట్టుండేది. ఆ నిద్రలాంటిది మళ్ళీ నాకు నలభై మూడేళ్ళ వయసులో, ఈతకొలనులో దొరికింది.

నన్ను కొలనుకు తీసుకెళ్ళింది మా వీధిలో లేడీస్ హాస్టల్ నడిపే ఒకావిడ. గుంటూరు వైపు మనిషి. నా కంటే పన్నెండేళ్ళు పెద్ద. మోకాళ్ళ నొప్పులకు ఈత మంచిదని ఎవరో చెబితే, ఒంటరిగా వెళ్ళడానికి సిగ్గుపడి నన్ను వెంటేసుకుంది. మా ఇద్దరికీ ఒకేరోజు మొదలు. మొదటి రోజు గాగుల్స్ పెట్టుకుని వచ్చిన నన్ను చూసి, "అచ్చం బావికప్పలా ఉన్నావే అమ్మాయ్" అంది. ఆ తర్వాత అద్దంలో తనను తాను చూసుకుని ఇంకేమీ అనలేదు.

కొత్తపేట దాటాక, ఎల్‌బీ నగర్ వైపు వెళ్ళే సందుల్లో ఒక ఫంక్షన్ హాలు వెనకాల ఉంది ఆ కొలను. యజమాని ఒక ముసలాయన. అందరూ తాత అనే పిలుస్తారు. ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఆడవాళ్ళ బ్యాచ్ సమయంలో గోడవైపు తిరిగి పేపరు చదువుకుంటూ కూర్చుంటాడు. కొలను గోడ మీద నీలిరంగులో 25 అని రాసి ఉంటుంది. అంకె ఒక్కటే. ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక రౌండ్ అంటాం. నలభై రౌండ్లయితే కిలోమీటరు. ఈ లెక్క నాకు మొదటి రోజే ఎవరో చెప్పారు. నేను దాన్ని తిరగేసి చూడలేదు.

మూడేళ్ళలో నాకు ఈత అబ్బింది. వేగం కాదు, నిదానం అబ్బింది. తల ముంచగానే ఊరంతా ఆగిపోయేది. హారన్లు, మిక్సీలు, గుడి మైకు, మసీదు మైకు, అన్నీ ఒక మందపాటి గుడ్డ వెనక్కి వెళ్ళిపోయేవి. అడుగున నీలం పలకల మధ్య ఒక నల్లగీత. దాని మీద వెలుగు వలలు వలలుగా కదిలేది. నేను ఆ గీతకు వేలాడుతున్నట్టు సాగేదాన్ని. చెయ్యి వెయ్యడం, తీయడం, ఎడమవైపు ఒక ఊపిరి. పదిహేడు, పద్దెనిమిది. నీళ్ళలో అంకెకు బరువుండదు. అది నాతోపాటే తేలేది.

దుకాణానికి ఎలాగూ సైకిలు మీదే వెళ్ళేదాన్ని. బండి పెట్టడానికి దిల్‌సుఖ్‌నగర్‌లో చోటు దొరకదు కనుక. పొద్దున నడక ఎప్పుడో పరుగైంది. అలాంటప్పుడు కొలను దగ్గర ఒకమ్మాయి చెప్పింది, ఈ మూడూ ఒకేరోజు, ఒకదాని వెనక ఒకటి చేసే ఆట ఉందని. పదిహేను వందల మీటర్ల ఈత, నలభై కిలోమీటర్ల సైకిలు, పది కిలోమీటర్ల పరుగు. నగరం నుంచి రెండు గంటల దూరంలో ఒక రిజర్వాయర్ దగ్గర చలికాలంలో పెడుతున్నారు. ఆటకంటే ముందు ఆ మూడు అంకెలు నాకు నచ్చాయి. మూడూ గుండ్రంగా, నా ఒంటికి సరిపోయేంత పెద్దవిగా కనిపించాయి. ఒకటే షరతు. ఈత యాభై ఐదు నిమిషాల్లో అయిపోవాలి. దాటితే సైకిలు ముట్టనివ్వరు.

అరవై రౌండ్లు నేను నలభై ఎనిమిది నిమిషాల్లో ఈదుతున్నాను. ఏడు నిమిషాలు చేతిలో ఉన్నాయి. పేరు ఇచ్చేశాను.

మా ఆయన ట్రాలీ ఆటో నడుపుతాడు. చీరల మూటలు, ఫ్రిజ్‌లు, ఇల్లు మారేవాళ్ళ సామాను, ఏదైనా. నేను నాలుగున్నరకు లేవడం మొదలుపెట్టిన కొత్తలో ఒక కన్ను తెరిచి అడిగాడు.

"గింత పొద్దుగాల ఏడికే, దొంగలెక్క?"

"ఈతకు."

"ఈత కల్లుకు గూడ గింత జల్ది ఎవ్వడు లేవడు."

మళ్ళీ అటు తిరిగి పడుకున్నాడు. కానీ రెండో వారం నుంచి, ఆదివారాలు నేను సాగర్ రోడ్డు మీద సైకిలు తొక్కుతుంటే వెనక ట్రాలీ వచ్చేది. చీకట్లో లారీలు చూడవని. హెడ్‌లైటు వెలుగు నా వెనక చక్రం మీద పడేలా, కొంచెం దూరంలో. ఆ వెలుగులో నా నీడ నాకంటే ముందు, పొడుగ్గా, ఎప్పటికీ అందనంత దూరంలో తొక్కుతూ పోయేది. తెల్లవారుతున్నకొద్దీ అది కురచై, పలచనై, నాలో కలిసిపోయేది. వెనక లైటు ఆర్పిన చప్పుడు వినబడేది. అప్పటికి గానీ తెల్లవారినట్టు నాకు నమ్మకం కుదిరేది కాదు.

పరుగు మాత్రం మెట్రో కింద. మొదటి రైలు ఇంకా రాకముందు ఆ పట్టాల వంతెన కింద నడిరోడ్డు ఒక పొడవైన వసారాలా ఉంటుంది. స్తంభాల నంబర్లు ఒకటొకటి దాటుతూ పోయేదాన్ని. హాస్టళ్ళ గేట్ల ముందు పాల ట్రేలు, ఇడ్లీ బండి దగ్గర మొదటి ఆవిరి, కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ర్యాంకులు వచ్చిన పిల్లల నవ్వుమొహాలు. సగం చీకట్లో ఆ మొహాలన్నీ నన్నే చూస్తున్నట్టుండేవి. ఎల్‌బీ నగర్ చౌరస్తాకు చేరేసరికి నల్గొండ బస్సు కదలడానికి సిద్ధంగా ఉండేది. ఒక కండక్టర్‌కు నేను అలవాటైపోయాను.

"అక్కా, బస్సు ఈడనే ఉంటే ఉరుకుతవెందుకు? నిలవెట్టిన గదా, ఎక్కు!"

"మీ బస్సుకన్న ముంగట పోవాల్నని!"

"పో పో, చౌటుప్పల్‌ల కలుద్దాం!"

సైకిలు దిగిన వెంటనే పరిగెత్తే రోజులుండేవి. అప్పుడు కాళ్ళు నావి కావు. ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు, మెత్తగా, ఆలస్యంగా నేల మీద పడేవి. ఒక పావుగంటకు అవి మెల్లగా నాలోకి తిరిగొచ్చేవి. ఆ పావుగంటే నాకు అన్నిటికంటే ఇష్టం. ఎవరో నన్ను మోసుకుపోతున్నట్టు ఉండేది.

దసరా ముందు మా కొలను మోటారు చెడిపోయింది. పది రోజులు మూసేశారు. ఆగితే ఒళ్ళు మరిచిపోతుందని భయపడి, మెట్రో ఎక్కి ఊరికి ఆ చివరనున్న పెద్ద కొలనుకు వెళ్ళాను. యాభై మీటర్ల కొలను. ముప్పై రౌండ్లకే పదిహేను వందలు. నిదానంగా, ఎప్పటిలాగే ఈదాను. ఒడ్డుకు వచ్చి వాచీ చూసుకుంటే యాభై ఆరు నిమిషాలు.

నాలుగు రోజులు నాలుగుసార్లు ఈదాను. యాభై ఆరు, యాభై ఆరున్నర, యాభై ఐదున్నర, యాభై ఆరు.

పొడుగు కొలనులో గోడను తన్నుకుని మళ్ళే అవకాశాలు తక్కువ. అందుకు ఒక రెండు నిమిషాలు తీసేశాను. కొత్త చోటు, కొత్త నీళ్ళు, అందుకు ఒకటి. ఇంకా ఐదు నిమిషాలు ఎక్కడికీ చెందకుండా మిగిలాయి. మెట్రోలో తిరిగి వస్తూ ఆ ఐదింటినే చూస్తూ కూర్చున్నాను. మలక్‌పేట దాటింది, మూసారాంబాగ్ దాటింది, దిల్‌సుఖ్‌నగర్‌లో దిగడం మరిచిపోయాను. ఒకే మనిషి, ఒకే చేతులు. తేడా నాలో లేకపోతే నీళ్ళలో ఉండాలి.

మా కొలను మళ్ళీ తెరిచిన రోజు, దుకాణంలో బట్ట కొలిచే మీటరు కడ్డీ సైకిలుకు కట్టుకుని వెళ్ళాను.

గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని కడ్డీ పెట్టాను. చివర సుద్దముక్కతో గీత. మళ్ళీ కడ్డీ, మళ్ళీ గీత. నీళ్ళలో ఉన్నవాళ్ళంతా ఈత మానేసి అంచు పట్టుకుని వేలాడుతూ చూడసాగారు.

"అక్కా, చీర కొలుస్తున్నవా?" అందొకామె.

"బ్లౌజు ముక్క గూడ చూడు, ఒస్తదో రాదో!" అంది ఇంకొకామె.

గుంటూరు ఆవిడ మాత్రం నవ్వలేదు. నేను లెక్కపెట్టేటప్పుడు నవ్వకూడదని ఆమెకు తెలుసు. ఇరవై రెండు గీతల తర్వాత కడ్డీ పట్టలేదు. గోడ అడ్డొచ్చింది. కడ్డీ మీద ఎనభై ఆరు సెంటీమీటర్ల దగ్గర నా వేలు ఆగింది. రెండోసారి అటు నుంచి ఇటు కొలిచాను. అదే.

నేలమీద కూర్చునే కాసేపు ఆలోచించాను. ఇరవై రెండు మీటర్ల ఎనభై ఆరు. ఎవరైనా తప్పుగా కడితే ఇరవై నాలుగో, ఇరవై ఆరో రావాలి గానీ ఇంత నిక్కచ్చిగా, ఇంత వింత అంకె ఎందుకు వస్తుంది? దాన్ని అడుగుల్లోకి మార్చాను. డెబ్బై ఐదు అడుగులు, పొల్లు లేకుండా. డెబ్బై ఐదు అడుగులంటే ఇరవై ఐదు గజాలు.

తాత దగ్గరికి వెళ్ళాను. ఆయన గోడవైపు చూస్తూనే విన్నాడు.

"తాతా, ఈ కొలను ఇరవై ఐదు మీటర్లు కాదు."

"నేనెప్పుడన్న మీటర్లని చెప్పిన్నా?"

"గోడ మీద ఇరవై ఐదని ఉంది గదా."

"ఉంది. గజాలు. మా నాయన కొలిచి తవ్విచ్చిండు." పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ప్లాటు గజాలల్ల కొంటిమి. రిజిస్ట్రేషన్ గజాలల్ల. ఇల్లు గజాలల్ల కట్టుకున్నం. నీళ్ళ గుంట ఒక్కటి మీటర్లల్ల తవ్వుతమా బిడ్డా?"

ఆయన చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు. ఈ చుట్టుపక్కల భూమిని మీటర్లలో అడిగినవాళ్ళను నేనూ ఎప్పుడూ చూడలేదు. చంపాపేట్‌లో మా చిన్నమ్మ కొన్న జాగా నూట ఇరవై గజాలు, మా దుకాణం గోదాము రెండు వందల గజాలు. ఇన్నేళ్ళు గజాలు వింటూ, గజాలు లెక్కపెడుతూ, నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మీటర్లు అనేసుకున్నాను. నేనే కాదు. ఇక్కడ ఈదినవాళ్ళందరూ.

గట్టు దగ్గరికి తిరిగొచ్చి సంగతి చెప్పాను. అందరూ ఒకేసారి మాట్లాడారు.

"అంటే మనం ఈదిందంత ఉత్తదేనా?"

"ఉత్తది కాదు. కొంచెం తక్కువ."

"నేను మా ఆడబిడ్డకు కిలోమీటర్ అని ఫోన్ చేసి చెప్పిన! ఇప్పుడేం చెప్పాలె?"

"గజాల కిలోమీటరని చెప్పు!"

గుంటూరు ఆవిడ మెల్లగా నా దగ్గరికి వచ్చింది. పోయిన నెలలోనే ఆమె జీవితంలో మొదటిసారి నలభై రౌండ్లు పూర్తి చేసింది. ఆ రోజు హాస్టల్ పిల్లలందరికీ పరమాన్నం పెట్టింది. యాభై ఎనిమిదేళ్ళ వయసులో కిలోమీటరు.

"నా కిలోమీటరులో ఎంత తగ్గిందమ్మాయ్?"

"ఎనభై ఐదు మీటర్లు. కాస్త పైనే."

"అంటే?"

"ఇంకో నాలుగు రౌండ్లు."

"అంతేనా? దానికింత గొడవెందుకు?" అని తల ముంచింది. ఆ రోజు ఆమె నలభై నాలుగు రౌండ్లు ఈది గానీ బయటకు రాలేదు. మేమంతా బట్టలు మార్చుకుని గట్టు మీద నిలబడి చూశాం. చివరి రౌండులో ఆమె చేతులు నీళ్ళ మీద పడుతున్నాయో, నీళ్ళే పైకి లేచి ఆమె చేతుల్ని పట్టుకుంటున్నాయో తెలియలేదు. అంచు పట్టుకుని, ఊపిరి ఆడక, "పరమాన్నం మళ్ళీ పెట్టను, చెబుతున్నా" అంది.

ఆమెకు నాలుగు రౌండ్లతో తీరింది. నాకు అలా తీరలేదు. నా అరవై రౌండ్లలో నూట ఇరవై ఎనిమిది మీటర్లు లేనే లేవు. నేను చేతిలో ఉన్నాయనుకున్న ఏడు నిమిషాలు ఎన్నడూ లేవు. నిజం దూరానికి నాకు పట్టేది యాభై ఆరు. గడువు యాభై ఐదు. ఒక్క నిమిషం. ఆటకు ఏడు వారాలుంది.

ఆ ఏడు వారాలు ఎలా గడిచాయో అడిగితే సరిగ్గా చెప్పలేను. లెక్క ఉంది, జ్ఞాపకం లేదు. అరవై రౌండ్లు అరవై ఆరయ్యాయి. దుకాణంలో బిల్లుల మీద అంకెలు వేస్తుంటే అవి నీళ్ళ కింద నుంచి చూస్తున్నట్టు అలలు అలలుగా కనిపించేవి. కస్టమర్ల ముందు చీరలు విప్పి పరిచేవాళ్ళు. ఆరు గజాల నీలం అలా జారుతూ వచ్చి నా బల్ల అంచున ఆగిపోతే, అది ఇంకొంచెం ముందుకు వస్తుందేమోనని ఎదురుచూసేదాన్ని. రాత్రి భుజం సలిపితే అమ్మ గుర్తొచ్చేది. ఆమెకూ కుడి భుజమే. ఆవనూనె వేడిచేసి మా ఆయనే రాసేవాడు, ట్రాలీ కమాన్లకు గ్రీజు పెట్టినంత శ్రద్ధగా.

"ఒక్క నిమిషం కోసం గింత పరేషానా?"

"ఒక్క నిమిషం దాటితే సైకిల్ ఇయ్యరు."

"మన సైకిలే గదనే, వాళ్ళెవరు ఇయ్యనీకి?"

చలి మొదలయ్యేసరికి అరవై ఆరు రౌండ్లు యాభై ఒక్క నిమిషాల్లో వచ్చాయి. కడ్డీతో కొలిచిన రౌండ్లు, నిజం రౌండ్లు. నాలుగు నిమిషాలు మిగిలాయి. ఈసారి వాటిని నేను తిరగేసి కూడా చూశాను.

రిజర్వాయర్ దగ్గరికి చీకటితోనే చేరాం. సైకిలును పాత చీరల మూటగుడ్డలో చుట్టి ట్రాలీలో పడుకోబెట్టి తీసుకొచ్చాడు మా ఆయన. దాన్ని ఊయల్లోంచి తీసినట్టు తీసి స్టాండులో పెట్టాను. చుట్టూ ఎక్కువమంది ఐటీ ఉద్యోగాల కుర్రాళ్ళు, నున్నటి కాళ్ళతో. నీళ్ళ మీద పొగమంచు పల్చటి మల్లు గుడ్డలా పరుచుకుని ఉంది. దూరంగా దారి గుర్తుకు తేల్చిన రెండు నారింజరంగు బుడగలు, మేం దిగే గట్టుతో కలిపి త్రికోణంలా. రెండు చుట్లు తిరగాలి. ఒక్కో పక్క రెండు వందల యాభై మీటర్లు. చదువుకున్నట్టే ఉంది, తప్పేమీ లేదు.

ఈల వేశారు. దిగాను. తల ముంచాను.

అడుగు లేదు. నల్లగీత లేదు. పలకలు, వెలుగు వలలు ఏమీ లేవు. ఆకుపచ్చటి చీకటి, అన్నివైపులా ఒకే మందం. నా చెయ్యి నాకే ముంజేతి దాకా కనిపించి ఆపైన కరిగిపోతోంది. మొదట భయం వేసింది. తర్వాత, చెప్తే నమ్మరు, చాలా హాయిగా అనిపించింది. గోడలేదు. మళ్ళడం లేదు. లెక్కపెట్టడానికి రౌండే లేదు. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. నేను ఎక్కడున్నానో నాకు తెలియదు. ఎక్కడో ఉన్నాను, అంతవరకే తెలుసు. ఎడమవైపు తల తిప్పినప్పుడల్లా మంచులోంచి ఒక కొత్త ఆకాశం. ఒకసారి గులాబీరంగు, ఒకసారి పాలరంగు. ఒక కొంగ నా పక్కనే, నా వేగంతోనే ఎగురుతూ కొంత దూరం వచ్చింది.

తల ఎత్తి చూస్తే బుడగ ఉండాల్సిన చోట లేదు. కుడివైపు చాలా దూరంలో ఉంది. దానివైపు మళ్ళాను. మళ్ళీ తల ముంచాను. మళ్ళీ ఎత్తితే మళ్ళీ కుడివైపునే. అప్పుడర్థమైంది. నేను ఎడమవైపే ఊపిరి పీల్చే మనిషిని. మూడేళ్ళు ఆ నల్లగీత నన్ను తిన్నగా పట్టుకుని నడిపించింది. గీత లేని చోట నేను ఎడమకు వంగిపోతూ, ఒక పెద్ద సున్నా గీస్తున్నాను.

మొదటి చుట్టు పూర్తయ్యేసరికి ముప్పై మూడు నిమిషాలు. ఇంకో చుట్టుకు ఇరవై రెండే మిగిలాయి. చాలవని లెక్క వెంటనే చెప్పింది. చేతులు మాత్రం వినలేదు. రెండో చుట్టు మొదటి బుడగ దాటాను. రెండోది దాటాను. ఇక మిగిలింది ఒక్క పక్క, గట్టువైపు. దాటాక ఒక పది పన్నెండు చేతులు వేశానో లేదో, పక్కన తెడ్డు చప్పుడైంది. మర పడవ కాదు, మామూలు చేపల పడవ. పెద్ద మీసాల మనిషి, మెడలో ఈల.

"టైమైపోయిందమ్మా. చెయ్యియ్యి."

నీళ్ళలో నిలువుగా తేలుతూ అడిగాను. "ఇంకెంతుంది?"

"గదిగో గట్టు. కనవడ్తలేదా?"

"కనపడుతుంది. ఎంతుంది?"

"దగ్గరనే."

"దగ్గరంటే ఎంత?"

ఆయన నన్ను విచిత్రంగా చూశాడు. "నువ్వొక్కదానివే మిగిలినవమ్మా. అందరు సైకిళ్ళెక్కి పోయిన్రు. చల్లగున్నయ్ నీళ్ళు. రా."

పడవను ముట్టుకుంటే ఆట అయిపోయినట్టు. ఒక రెండు మూడు ఊపిరులు అలాగే తేలాను. ఆ కాసేపూ నేను ఇటూ కాదు, అటూ కాదు. తర్వాత చెయ్యి ఇచ్చాను.

మా ఆయన గట్టు మీద టవలు పట్టుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వచ్చి నిలబడ్డాడు, ప్యాంటు తడుస్తున్నా. ఏమైంది అని అడగలేదు. ఎందుకిట్లైంది అని అడగలేదు. టవలు భుజాల చుట్టూ వేసి, ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చి, "ఎంత మిగిలింది?" అన్నాడు.

అప్పుడు ఏడుపొచ్చింది. ఏడ్చాక లెక్క వేశాను. ఒక పక్క రెండు వందల యాభై. బుడగ దాటి వేసిన చేతులు పది పన్నెండు. ఒక్కో చేతికి మీటరు కంటే కాస్త తక్కువ.

"రెండు వందల నలభై."

ఆయన నా మణికట్టు పట్టుకుని వాచీ తిప్పి చూశాడు. కొలనులో కాదు గానీ, ఇలాంటి పెద్ద నీళ్ళలో ఎంత దూరం ఈదానో అది చెబుతుంది. పదిహేను వందల తొంభై అని ఉంది.

"ఇంకేంది మరి! పదిహేను వందలు దాటినవు గద. వాళ్ళే నీకు తొంబై తిరిగియ్యాలె!"

"వంకరగా ఈదినయ్యా. వంకరది లెక్కలోకి రాదు."

"ఎవ్వరి లెక్కల?"

"నా లెక్కల."

తల ఊపాడు. స్టాండులో నా సైకిలు ఒక్కటే ఉంది, సీటు మీద మంచు బిందువులతో. పక్కనున్న స్టాండ్లన్నీ ఖాళీ. అది నాకోసం చూసి చూసి ఏమీ అనకుండా ఊరుకున్నట్టు నిలబడి ఉంది. మా ఆయన మూటగుడ్డ దులుపుతూ ఆగాడు.

"ట్రాలీల ఒస్తవా? దీనిమీద ఒస్తవా?"

దానిమీదే వచ్చాను. ఇంటివైపు నలభై కిలోమీటర్లు, ఒక్క మీటరు తగ్గకుండా. వెనక ట్రాలీ. పట్టపగలు, అయినా ఆయన హెడ్‌లైటు వేసుకునే వచ్చాడు. ఆ వెలుగు ఎండలో కలిసిపోయి కనిపించలేదు గానీ, వీపు మీద ఉన్నట్టు తెలుస్తూనే ఉంది. ఆపైన మిగిలిన దారి ట్రాలీలో. ఆ సాయంత్రం, దుకాణాలు కట్టేసే వేళకు, మెట్రో కింద పది కిలోమీటర్లు పరిగెత్తాను. జనం, బండ్లు, పూలమ్మేవాళ్ళు, పానీపూరీ బండ్ల చుట్టూ హాస్టల్ పిల్లలు. అందరి మధ్య నుంచి అరువు కాళ్ళతో, ఎవరో మోసుకుపోతున్నట్టు. పైన రైళ్ళు కిటికీల వెలుగుతో నా మీదుగా పోతున్నాయి. ఇల్లు చేరేసరికి నలభై తీరింది, పది తీరింది.

మరునాడు గుంటూరు ఆవిడ అంతా విని, "దానిదేముందే, ఇక్కడే పదకొండు రౌండ్లు కొట్టెయ్, పోతుంది పీడ" అంది. కొట్టాను. పదకొండు, గజాల రౌండ్లే అయినా దూరం సరిపోతుంది. గోడ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఏమీ తీరినట్టు అనిపించలేదు. నల్లగీత నన్ను తీసుకెళ్ళి తీసుకొచ్చింది, అంతే. అక్కడ మిగిలినవి వేరే మీటర్లు. అవి ఆ ఆకుపచ్చ చీకట్లో, చివరి బుడగకూ గట్టుకూ మధ్య అలాగే ఉన్నాయి.

ఇప్పుడు కుడివైపు ఊపిరి పీల్చడం నేర్చుకుంటున్నాను. నలభై ఏడేళ్ళకు మళ్ళీ మొదటి నుంచి నీళ్ళు మింగుతున్నాను. నల్లగీత చూడకుండా కళ్ళు మూసుకుని ఈదుతాను; పక్కన వరసకు కట్టిన తాడుకు తగులుకుంటే వంకర పోయినట్టు, తగలకపోతే తిన్నగా పోయినట్టు. ఈ ఏడు వానలు సరిగా లేక రిజర్వాయర్‌లో నీళ్ళు తగ్గాయని ఆట పెట్టలేదు. పోయిన నెల ట్రాలీకి అటువైపు కిరాయి దొరికితే మా ఆయన నన్నూ ఎక్కించుకుపోయాడు. గట్టు మీద నిలబడి చూశాం. నీళ్ళు బాగా వెనక్కి పోయాయి. నేను ఆగిపోయిన చోటు బహుశా ఇప్పుడు బురద.

"వానలు పడనియ్యి" అన్నాడు.

పడితే వస్తాను. ఒకసారి కళ్ళతో కొలిచి చూశాను, అంకె మారలేదు. రెండు వందల నలభై మీటర్లు.